సంప్రదాయ ఫాదో గాయకుడి జీవితం ఎలా ఉండేది? అల్ఫ్రెదో మార్సెనేరో ఉదాహరణగా

పోర్చుగల్ సంప్రదాయ గానమైన ఫాదో గురించి ఎక్కడ వెతికినా గాయని అమాలియా రోద్రిగెస్ పేరే కనిపిస్తోందని, ఆమెను కాసేపు పక్కన పెట్టి లిస్బన్ పేటల్లో పుట్టి పెరిగిన ఒక సంప్రదాయ గాయకుడి జీవితం, శిక్షణ, సంపాదన ఎలా ఉండేవో తెలుసుకోవాలని ఉందని మీరు రాశారు. పోర్చుగల్ దాకా వెళ్లకుండా మన దేశంలో ఈ గానాన్ని వినే వీలుందా అని కూడా అడిగారు. ఫాదో పాడే భోజనశాలల్లో చాలాకాలంగా కూర్చుని వింటూ, పాడేవారితోనూ వాయించేవారితోనూ మాట్లాడుతూ నేర్చుకున్నదాన్ని బట్టి మీకు సమాధానం ఇస్తాను. చాలామందిని కొద్దికొద్దిగా పరిచయం చేయడం కన్నా ఒక్కరి గురించే వివరంగా చెబితే మేలు. ఆ ఒక్కరు అల్ఫ్రెదో మార్సెనేరో కావాలని నా అభిప్రాయం.

అమాలియాను తగ్గించాలన్నది నా ఉద్దేశం కాదు. ఆమె గొప్పతనం వేరు. 1956లో పారిస్‌లోని ఒలింపియా రంగస్థలం ఎక్కిన నాటి నుంచి ఆమె ప్రపంచ గాయని అయ్యారు. సినిమాలలో నటించారు, అనేక భాషలలో పాడారు, పెద్ద కవుల కవితలకు కొత్త బాణీలు కట్టించుకున్నారు. 1999 అక్టోబరు 6న ఆమె మరణించినప్పుడు పోర్చుగల్ మూడు రోజులు జాతీయ సంతాపం పాటించింది. అటువంటి జీవితాన్ని చూసి సగటు ఫాదో గాయకుడి జీవితాన్ని ఊహించుకోలేము. మార్సెనేరో మాత్రం తొంభై ఏళ్లకు పైబడిన తన జీవితంలో అధిక భాగాన్ని లిస్బన్‌లోని కొన్ని పేటల మధ్యే గడిపారు. పగలు వడ్రంగం, రాత్రి పాట. అంత చిన్న పరిధిలో తిరిగిన మనిషి మొత్తం ఫాదో సంప్రదాయానికి కొలబద్దగా ఎలా నిలిచాడన్నది చెబితే మీ ప్రశ్నకు అసలు సమాధానం దొరుకుతుంది.

ఆయన అసలు పేరు అల్ఫ్రెదో రోద్రిగో దువార్తె. అధికారిక పత్రాల ప్రకారం 1891 ఫిబ్రవరి 25న లిస్బన్‌లో, శాంత ఇజబెల్ అనే పేటలో పుట్టారు. తండ్రి చెప్పులు కుట్టే పనివాడు. అల్ఫ్రెదోకు పదమూడేళ్లప్పుడు తండ్రి పోవడంతో చదువు ఆగిపోయి ఇంటి భారం ఆయన మీద పడింది. మొదట పుస్తకాలకు అట్టలు కట్టే చోట పనికి కుదిరారు. ఆ రోజుల్లోనే జూలియో జనోతా అనే ఆశుకవి, ఫాదో గాయకుడు పరిచయమయ్యారు. జనోతా వృత్తిరీత్యా వడ్రంగి. వడ్రంగంలో కూలి కాస్త ఎక్కువ, పాటకు తీరిక కూడా దొరుకుతుందని ఆయనే ఈ కుర్రవాడిని ఆ పనిలోకి మళ్లించారు. సంప్రదాయ ఫాదోలో గురువు అంటే ఇలాంటి మనిషే. సరళీ స్వరాలు చెప్పించి, పాఠం అప్పగించుకునే గురువు కాదు. తాను పాడుతుంటే పక్కన నిలబడనిచ్చి, బతుకుతెరువు చూపించి, నలుగురు పాడే చోటికి వెంట తీసుకుపోయేవాడు.

శిక్షణ గురించి మీరు అడిగినదానికి సూటి సమాధానం ఏమిటంటే, ఆనాడు ఫాదోకు పాఠశాల లేదు. సారాయి దుకాణాలు, పనివారి సంఘాలు, ఊరి చివరి తోటలలో ఆదివారం విందులు, కార్నివాల్ రోజుల్లో వీధి వీధికీ తిరిగి ఆడే పద్యరూప ప్రహసనాలు, ఇవే బడులు. అల్ఫ్రెదో ఈ వీధి ప్రహసనాలలో పాత్రలు వేసేవారు. తర్వాతి కాలంలో ఆయన పద్యంలోని మాటను ఎంత స్పష్టంగా, ఎంత నటనతో పలికేవారో గమనిస్తే దాని మూలాలు ఈ వీధి నాటకాలలోనే ఉన్నాయని నాకు గట్టిగా అనిపిస్తుంది. మైకు లేని వీధిలో, తాగి అరిచే జనం మధ్య, వెనక వరుసలో ఉన్నవాడికి కూడా కథ అర్థమయ్యేలా చెప్పవలసి వచ్చిన మనిషికి పదాన్ని మింగే అలవాటు రాదు.

యువకుడిగా ఉన్నప్పుడు బట్టల విషయంలో ఆయనకు శ్రద్ధ ఎక్కువ. ఆ సొగసు చూసి జనం ఆయనను అల్ఫ్రెదో లులు అని పిలిచేవారు. మార్సెనేరో అన్న పేరు 1920లలో వచ్చింది. ఒక సన్మాన సభకు ప్రచార పత్రం అచ్చు వేయిస్తూ, నిర్వాహకులు ఆయన ఇంటిపేరు తెలియక, సామాను చేసే వడ్రంగి అన్న అర్థంలో వృత్తి పేరును తగిలించేశారు. ఆ పేరే నిలిచిపోయింది. దీన్ని కేవలం ముచ్చటగా తీసుకోవద్దు. ఆనాటి గాయకుల పట్టికలో చాలామందికి పేరు పక్కన చేతిపనే ఉండేది. ఫాదో పాడటం ఒక ఉద్యోగం అన్న ఆలోచన అప్పటికి ఇంకా పూర్తిగా పుట్టలేదు.

దానిని ఉద్యోగంగా మార్చినది ఒక చట్టం. 1926 మే 28న సైనిక తిరుగుబాటు జరిగి పోర్చుగల్‌లో నియంతృత్వానికి దారి తీసింది. మరుసటి ఏడాది మే నెలలో ప్రదర్శనలను నియంత్రిస్తూ కొత్త ప్రభుత్వం ఒక ఉత్తర్వు తెచ్చింది. దాని ప్రకారం డబ్బు తీసుకుని బహిరంగంగా పాడేవారికి వృత్తి గుర్తింపు పత్రం ఉండాలి. ప్రదర్శన జరిగే చోటికి అనుమతి ఉండాలి. పాడబోయే సాహిత్యాన్ని ముందుగా అధికారులకు చూపి ముద్ర వేయించుకోవాలి. అంతకుముందు, ఇరవయ్యో శతాబ్దం మొదటి దశాబ్దాలలో, ఫాదోలో కార్మికుల సమ్మెలు, ఆకలి, సోషలిస్టు ఆశలు బాహాటంగా వినిపించేవి. ముద్ర పడిన సాహిత్యం తప్పనిసరి కావడంతో ఆ గొంతు నొక్కుకుపోయింది. జనోతా వంటివారు అప్పటికప్పుడు అల్లి పాడే ఆశుకవిత్వానికీ చోటు తగ్గింది, ఎందుకంటే ఇంకా పుట్టని పద్యానికి ముద్ర వేయించడం సాధ్యం కాదు. మరోవైపు, అనుమతి పొందిన భోజనశాలలు స్థిరంగా ఏర్పడి, పత్రం ఉన్న గాయకుడికి రాత్రికి ఇంత అని సంపాదన దొరికే ఏర్పాటు వచ్చింది. ఇవాళ పర్యాటకులు లిస్బన్‌లో చూసే ఫాదో ఇళ్లకు, అంటే పాట వినిపించే భోజనశాలలకు, పునాది ఆ రోజుల్లోనే పడింది. ఆ చట్టం చేసిన హాని ఎక్కువా మేలు ఎక్కువా అన్నదానిపై నాకు సందేహం లేదు. హానే ఎక్కువ. కానీ ఆ ఇళ్లు లేకపోతే రెండో ప్రపంచ యుద్ధానంతర తరానికి పాడే చోటు ఉండేది కాదన్నదీ నిజమే.

మార్సెనేరో కూడా పత్రం తీసుకున్నారు. అయినా పని మానలేదు. నదీతీరంలోని సి.యు.ఎఫ్. కంపెనీ ఓడల కర్మాగారంలో, ఓడ గదులకు కావలసిన చెక్క సామాను చేసే వడ్రంగిగా చాలా ఏళ్లు పనిచేశారు. 1940లలో గాని ఆయన పూర్తిగా పాట మీదే ఆధారపడలేదు, అంటే అప్పటికి వయసు యాభై దాటింది. ఆయన కట్టిన బాణీలలో ఒకదాని పేరే ఫాదో సి.యు.ఎఫ్. తన కర్మాగారం పేరును ఒక బాణీకి పెట్టుకున్న మనిషి ఏ లోకానికి చెందినవాడో వేరే చెప్పనక్కరలేదు.

బాణీల మాట వచ్చింది కాబట్టి ఇక్కడ కొంచెం ఆగాలి. ఫాదోను బయటి నుంచి వినేవారికి తరచుగా అందకుండా పోయే విషయం ఇదే.

సంప్రదాయ ఫాదోలో బాణీ వేరు, పద్యం వేరు. ఒక పద్యానికి ఒకే బాణీ అన్న కట్టుబాటు లేదు. కొన్ని పదుల ఏళ్లుగా, కొన్ని అయితే నూరేళ్లకు పైగా అందరి నోళ్లలో నానిన బాణీలు వందల్లో ఉన్నాయి. వాటిలో అత్యంత పాతవి మూడు: మెనోర్, కొర్రీదో, మొరారియా. వీటిని ఎవరు కట్టారో ఎవరికీ తెలియదు. తర్వాతి బాణీలకు కట్టినవారి పేరో, మొదట పాడిన పద్యం పేరో ఉంటుంది. ప్రతి బాణీ ఒక ఛందోరూపానికి సరిపోతుంది. ఏడేసి అక్షరాల నాలుగు పాదాల చరణానికి కొన్ని, అయిదు పాదాలకు కొన్ని, ఆరు పాదాలకు కొన్ని, పది అక్షరాల పాదానికీ పన్నెండు అక్షరాల పాదానికీ మరికొన్ని. పల్లవి ఉండదు. చరణం తర్వాత చరణం నడుస్తుంది. గాయకుడు తనకు నచ్చిన పద్యాన్ని, దాని ఛందస్సుకు ఒదిగే బాణీలలో తన గొంతుకూ ఆ పద్యం భావానికీ తగినదాన్ని ఎంచుకుని జతపరుస్తాడు. నాటక రంగంలో పద్యం పాడేవారిని విన్న తెలుగువారికి ఈ పద్ధతి వెంటనే బోధపడుతుంది. అక్కడ కూడా వృత్తం కవిది, రాగం ఎంపికా సాగదీత గాయకుడివి. పల్లవి ఉండి, ఒకే బాణీతో శాశ్వతంగా ముడిపడిన ఫాదో పాటలు కూడా ఉన్నాయి. అవి ఎక్కువగా లిస్బన్ హాస్యనాటికల రంగస్థలం నుంచి వచ్చినవి. పాత తరం గాయకులు ఈ రెంటినీ స్పష్టంగా వేరుచేసి చూస్తారు.

మార్సెనేరోకు స్వరలిపి రాదు. ఆయన బాణీలన్నీ నోటితోనే కట్టారు. పద్యాన్ని మళ్లీ మళ్లీ పలుకుతూ, పాదం ఎక్కడ విరగాలో, ఏ మాట మీద గొంతు ఆగాలో తేల్చుకుంటూ పోతే బాణీ తనంతట తాను ఏర్పడేది. వాయిద్యకారులు దాన్ని పట్టుకునేవారు. అలా పుట్టినవే ఫాదో క్రావో, ఫాదో లరంజైరా, ఫాదో బైలాదో, ఫాదో పాజెం, ఇంకా అనేకం. ఇవాళ లిస్బన్‌లో ఏ ఫాదో ఇంటికి వెళ్లినా, ఒక రాత్రి ముగిసేలోగా వీటిలో ఏదో ఒకటి వినపడకుండా ఉండటం అరుదు. పద్యాలు మాత్రం వేరు, పాడేవారు వేరు.

అమాలియా వద్దకు ఇక్కడ ఒకసారి తిరిగి రావలసిందే. 1962లో వచ్చిన ఆమె ప్రసిద్ధ ఆల్బమ్‌లో ‘ఎస్త్రాన్య ఫోర్మ ద వీద’ అనే పాట ఉంది. బహుశా మీరు విని ఉంటారు. సాహిత్యం అమాలియా స్వయంగా రాసినదే. బాణీ మాత్రం మార్సెనేరో కట్టిన ఫాదో బైలాదో. అయిదు పాదాల చరణాలు, ప్రతి చరణంలోనూ మొదటి పాదమే అయిదో పాదంగా తిరిగి వస్తుంది. మళ్లీ వచ్చినప్పుడు ఆ పాదం మొదటిసారి ఉన్నట్టు ఉండదు. మధ్యలోని మూడు పాదాలు చెప్పిన విషయమంతా మోసుకుని బరువెక్కి వస్తుంది. ఆ బరువును భరించేటట్టు బాణీలో దిగుడు ఉంది. ప్రపంచమంతా అమాలియా పాటగా ఎరిగినదానిలో ఒక వడ్రంగి నిర్మాణం దాగి ఉందని తెలిశాక దాన్ని మరోసారి వినండి.

ఇక పాడే తీరు. ఆయన గొంతు పెద్దది కాదు. వయసు మీరాక బొంగురుపోయింది కూడా. శ్రుతి శుద్ధి, గాత్ర బలం ప్రాతిపదికగా మార్కులు వేసే సంగీత పోటీలో ఈనాడు ఆయన మొదటి వడపోత దాటడం కష్టం. అయినా పాత తరం గాయకులలో ఎవరిని అడిగినా ఆయన పేరు ముందు చెబుతారు. కారణం, ఆయన పాదాన్ని విడదీసే పద్ధతి. సంగీతం ఒక చోట ఆగమంటుంది, వాక్యార్థం మరో చోట ఆగమంటుంది. సాధారణ గాయకుడు సంగీతం వెంట పోతాడు. మార్సెనేరో వాక్యార్థం వెంట పోయి, సంగీతాన్ని తన వెంట రప్పించుకుంటారు. కర్తను పలికి క్షణం ఆగుతారు, క్రియను తొందరగా దాటేస్తారు, విశేషణం మీద నిలుస్తారు. రెండో చరణానికి వచ్చేసరికి అదే బాణీ మరో విధంగా విరుగుతుంది, ఎందుకంటే ఆ చరణంలో వాక్యం వేరు. రెండు చరణాలను ఒకే రకంగా పాడితే అది బాణీ అప్పజెప్పడమే తప్ప ఫాదో కాదని ఆ లోకంలో ఇప్పటికీ నమ్ముతారు.

చూడటానికి ఆయన ఎలా ఉండేవారో చిత్రాలలో తెలుస్తుంది. మెడకు పట్టు గుడ్డ ముడి, నుదుటి మీదికి అలలా వంగిన జుట్టు, ఒక చేయి జేబులో, పాట నడుస్తుంటే పద్యపాదం తోవన మెల్లగా ఊగే శరీరం. దీపాలు ఆర్పి, బల్లల మీద కొవ్వొత్తుల వెలుగులోనే పాడే అలవాటు ఆయనతోనే మొదలైందని ఫాదోవారు చెప్పుకుంటారు. ఆ ఆచారం ఇవాళ్టికీ నిలిచి ఉంది. ఒక ఫాదో ఇంట్లో పాట మొదలయ్యే నిమిషాన్ని చూస్తే అది ఎంత క్రమబద్ధమైనదో తెలుస్తుంది. వడ్డన ఆగిపోతుంది, వంటగది తలుపు మూస్తారు, దీపాలు తగ్గిస్తారు. ఫాదో పాడబోతున్నారు, నిశ్శబ్దం అని ఎవరో ఒకరు అంటారు. గాయకుడు ఇద్దరు వాయిద్యకారుల మధ్య కాస్త ముందుకు వచ్చి నిలబడి, మెడ వెనక్కి తిప్పి, బాణీ పేరూ శ్రుతీ రెండు మాటల్లో చెబుతాడు. రిహార్సల్ ఏమీ ఉండదు. పన్నెండు తీగల పోర్చుగీసు గిటార్రా ఎత్తుగడ వాయిస్తుంది. వియోలా అని పిలిచే మామూలు గిటారు తాళం పడుతుంది. గాయకుడు పాదం పలికి ఆగినప్పుడల్లా ఆ ఖాళీని గిటార్రా చిన్న జవాబుతో నింపుతుంది. మైకు ఉండదు. మూడు నాలుగు ఫాదోలు పాడాక దీపాలు వెలుగుతాయి, కూరలు మళ్లీ బయటికి వస్తాయి, కాసేపయ్యాక మరొకరు నిలబడతారు.

మాట్లాడుకునే జనం ముందు మార్సెనేరో పాడేవారు కాదు. తనకు మనసు లేనప్పుడు ఎంత బతిమాలినా పాడేవారు కాదని కూడా ఆయనను ఎరిగినవారు చెబుతూ వచ్చారు. దీన్ని కొందరు అహంకారం అన్నారు. నేను అలా అనుకోను. పద్యాన్ని చెప్పడమే తన పని అని నమ్మిన మనిషికి, వినని మనిషి ముందు చేయవలసిన పని ఏమీ ఉండదు.

ఆయన పేరుతో విడదీయలేనంతగా ముడిపడిన ఫాదో ‘అ కాజ ద మరికీన్యాష్’. సాహిత్యం సిల్వ తవారెష్‌ది. మరికీన్యాష్ అనే విలాసినీ, ఆమె ఇల్లూ ఇందులో విషయం. కథ ఏమీ ఉండదు. ఆ ఇంటి సామాను, గోడలు, పలకల తలుపులు బిగించిన కిటికీలు, ఆమె గిటార్రా, ఇవి ఒక్కొక్కటిగా వర్ణించడమే. వడ్రంగి అయిన గాయకుడికి ఆ వర్ణన మీద ఎంత మమకారం కలిగిందంటే, పాటలోని ఇంటిని చిన్న నమూనాగా చెక్కతో స్వయంగా చేశారు. లిస్బన్‌లోని అల్ఫామా పేటలో 1998లో తెరిచిన ఫాదో మ్యూజియంలో దాన్ని చూడవచ్చు. నేను ఆ మ్యూజియంలో అన్నిటికన్నా ఎక్కువసేపు నిలబడేది దాని ముందే. కిటికీ పలకలను ఉలితో అంత సన్నగా తీర్చిన ఓపికకూ, ఒక పాదాన్ని ఏ అక్షరం దగ్గర విరవాలా అని ఆలోచించిన ఓపికకూ తేడా లేదు.

ఆ ఇల్లు ఆ పాటతో ఆగలేదు. మరికీన్యాష్ ఇంటి సామాను వేలం వేస్తున్నట్టు లీన్యారెష్ బర్బోజా మరో పద్యం రాశారు. అదీ మార్సెనేరో పాడారు. 1960ల చివర అల్బెర్తు జనెష్ రాయగా అమాలియా పాడిన పెద్ద విజయవంతమైన పాటలో, ఒకరు ఆ ఇంటిని వెతుక్కుంటూ వెళ్లేసరికి పాత సొగసంతా పోయి కిటికీలకు పలకలకు బదులు అద్దాలు కనిపిస్తాయి. తర్వాత కూడా ఇంకొందరు ఆ ఇంటి మీద రాశారు. ఒక పద్యానికి మరో కవి జవాబు రాయడం, ఒక పాత్ర తరాలు దాటి గాయకుడి నుంచి గాయకుడికి చేతులు మారడం ఫాదోలో మామూలే.

సంపాదన, కీర్తి విషయానికొస్తే, 1948లో బైర్రు ఆల్తు పేటలోని కాఫే లూజోలో ఆయనకు ఫాదో రాజు అన్న బిరుదు ఇచ్చారు. బిరుదు వల్ల జీవితం పెద్దగా మారలేదు. రికార్డులంటే ఆయనకు ఇష్టం లేదు. వింటున్న మనుషులు లేని గదిలో, గడియారం చూసుకుంటూ పాడటం ఆయనకు పడేది కాదు. పట్టపగలు స్టూడియోలో పాడవలసి వచ్చినప్పుడు, మెడలోని పట్టు గుడ్డను కళ్లకు కట్టుకుని చీకటి చేసుకున్నారని ఒక కథ ప్రచారంలో ఉంది. మొత్తం మీద ఆయన వదిలిన రికార్డులు తక్కువే. 1960ల మొదట్లో, డెబ్బై ఏళ్ల వయసులో చేసిన ‘ది ఫాబులస్ మార్సెనేరో’ వాటిలో ముఖ్యమైనది. యౌవనంలోని గొంతు మనకు పెద్దగా దక్కలేదని కొందరు విచారిస్తారు. నాకు ఆ విచారం లేదు. ఆ రికార్డులో గొంతు అరిగిపోయిన మాట నిజం. అరిగిపోవడం వల్లనే, ఆయన దేని మీద ఆధారపడి పాడుతున్నారో స్పష్టంగా వినిపిస్తుంది.

1963లో లిస్బన్‌లోని సౌన్ లూయిష్ నాటకశాలలో ఆయనకు వీడ్కోలు సభ జరిగింది. వీడ్కోలు కాగితం మీదే మిగిలింది. ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి రాత్రిపూట బైర్రు ఆల్తులో ఒక ఫాదో ఇంటి నుంచి మరో ఫాదో ఇంటికి నడిచి వెళుతూ, ఉండాలనిపించిన చోట ఉంటూ, పాడాలనిపిస్తే పాడుతూ కాలం గడిపారు. కొడుకు అల్ఫ్రెదో దువార్తె జూనియర్ కూడా ఫాదో గాయకుడే. మనవడు వీతోర్ దువార్తె మార్సెనేరో పాడటంతో పాటు తాత జీవితాన్ని గ్రంథస్థం చేసే పని భుజాన వేసుకున్నారు. 1982 జూన్ 26న, తొంభై ఒక్క ఏళ్ల వయసులో, పుట్టిన ఊరిలోనే ఆయన కన్నుమూశారు. రెండేళ్లకు పోర్చుగల్ ప్రభుత్వం మరణానంతర పురస్కారం ప్రకటించింది.

ఒక్క మనిషిని చూసి అందరి జీవితం ఇంతే అనుకోకుండా ఇంకొకరి మాట చెబుతాను. 1924లో లిస్బన్‌లోని మొరారియా పేటలో పుట్టిన అర్జెంతీన శాంతుష్ అల్ఫామాలో పర్రైరీన్య అనే చిన్న భోజనశాలను దశాబ్దాల పాటు నడిపారు. ఆమె అక్కడ యజమానురాలు, వంటమనిషి, గాయని. వంటగదిలో పొయ్యి దగ్గర పని ముగించుకుని, భుజాన శాలువా వేసుకుని బయటికి వచ్చి, ఫాదో మెనోర్ పాడేవారు. 2019లో ఆమె మరణించారు. ఆడవారికి ఈ వృత్తి మగవారికన్నా కష్టమైనదన్నది వారి జీవితాలు చదివితే తెలుస్తుంది. రాత్రివేళ మగవారి మధ్య పాడే స్త్రీకి సమాజం మర్యాద ఇచ్చేది కాదు. పందొమ్మిదో శతాబ్దంలో ఇరవై ఆరేళ్లకే చనిపోయిన ఫాదో గాయని మరియ సెవేరా నుంచి ఈ మాట నడుస్తూనే ఉంది. సొంత భోజనశాల ఉండటం వల్ల అర్జెంతీన వంటివారికి తమ గదిలో తమ మాట చెల్లే వీలు కలిగింది. ఈమె రికార్డులు కూడా తక్కువే. కానీ పాడే పద్ధతి నేర్చుకోవాలనుకునే చిన్నవారంతా ఆ గదికి వెళ్లి కూర్చునేవారు.

ఈనాటి గాయకుల దారి కొంత మారింది. 1953 నుంచి పత్రికారచయితల సంస్థ నడిపిన ఫాదో మహారాత్రి పోటీ చాలామంది పిల్లలను వెలుగులోకి తెచ్చింది. 1979లో ఆ పోటీలో గెలిచిన బాలుడు కమనే ఇవాళ సంప్రదాయ మార్గంలో అగ్రగణ్యుడు. ఫాదో మ్యూజియంలో గిటార్రా నేర్పే తరగతులు ఉన్నాయి. 2011 నవంబరులో యునెస్కో ఫాదోను మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చాక పర్యాటకం బాగా పెరిగింది. పాడేవారికి పని దొరుకుతోంది, మంచిదే. కానీ భాష తెలియని జనం నిండిన గదిలో పాదాన్ని అర్థం ప్రకారం విరిచి పాడే గాయకుడికి జవాబు రాదు. ఆ జవాబు లేకపోతే కొన్నాళ్లకు ఆ విరుపే అనవసరమనిపిస్తుంది. గొంతు బిగించి చివరి స్వరాన్ని సాగదీస్తే చప్పట్లు వస్తాయి కాబట్టి అదే మిగులుతుంది. సంప్రదాయ ఫాదోకు నేను చూస్తున్న అసలు ముప్పు ఇది. దీనికి విరుగుడుగానే కాబోలు, 2017లో కమనే ఒక పూర్తి ఆల్బమ్‌ను మార్సెనేరో పాడిన ఫాదోలతోనే నింపారు. గొంతు ఎంతో శుభ్రమైనది, అయినా విరుపులను ఎక్కడా నునుపు చేయలేదు.

వినడం మొదలుపెట్టాలంటే ముందు మార్సెనేరో పాడిన ‘అ కాజ ద మరికీన్యాష్’ వినండి. దాని పద్యాన్ని అనువాదంలోనైనా ఎదురుగా పెట్టుకోండి. పాదం ఎక్కడ ఆగుతోందో పెన్సిలుతో గీత గీసుకుంటూ రెండుమూడు సార్లు విన్నాక, అదే ఫాదోను కమనే ఎలా పాడారో వినండి. ఆ తర్వాత ఫాదో బైలాదో అన్న పేరుతో వెతికి, అదే బాణీని వేరు వేరు పద్యాలతో పాడినవారిని ఒకరి తర్వాత ఒకరిని వినండి. ఈ వరుసలో వింటే బాణీ, పద్యం, గాయకుడు అన్న మూడూ మీకు విడివిడిగా వినపడటం మొదలవుతుంది.

మన దేశంలో వినాలంటే గోవా వెళ్లాలి. పోర్చుగీసు పాలన ముగిసినది 1961లో అయినా, అక్కడి కొన్ని ఇళ్లలో ఈ పాట నిలిచింది. పొండా పట్టణానికి చెందిన సోనియా శిర్సాట్ ఇవాళ అక్కడి ప్రముఖ ఫాదో గాయని. ఆమె పోర్చుగల్‌లోనూ పాడారు, గోవా యువతకు ఫాదో నేర్పే పనిలోనూ ఉన్నారు. పణజిలో ఆమె కచేరీలు జరుగుతుంటాయి. హైదరాబాదు నుంచి సాయంత్రం బస్సెక్కితే మరునాడు దిగగలిగే దూరంలో ఉంది కాబట్టి, ముందుగా కచేరీ తేదీ కనుక్కుని వెళ్లండి. పెద్ద సభలో కాకుండా, గిటార్రా వాయించేవారి వేళ్లు కనిపించేంత చిన్న గదిలో జరిగేదాన్ని ఎంచుకోండి.